గోడ మీది పంచాంగంతో కంబోడియా ప్రయాణం: ఖ్మేర్ పండుగలను, గుళ్లను చూడదలచిన చెన్నై తెలుగువారికి

చెన్నై నుంచి కంబోడియా వెళ్లే తెలుగు కుటుంబాల ప్రయాణం తరచుగా ఒకే మూసలో సాగుతుంది. పిల్లల సెలవులను బట్టి తేదీలు, బ్యాంకాక్‌తో కలిపిన ప్యాకేజీ, అంగ్కోర్ వాట్ ఎదుట సూర్యోదయపు ఫొటో, రాత్రి బజారు, తిరుగు విమానం. చూసినంత మేరకు అదీ బాగానే ఉంటుంది గాని, ఖ్మేర్ ప్రజలు, అంటే కంబోడియాలో అత్యధిక సంఖ్యాకులు, తమ గుళ్లకు ఎప్పుడు వెళ్తారో, అక్కడ ఏమి చేస్తారో తెలిసే వీలు ఆ మూసలో దొరకదు. వారి పండుగలలో చాలా భాగం తిథులను అనుసరించి వస్తాయి, ఆ తిథులన్నీ మన గోడకు వేలాడే తెలుగు పంచాంగంలోనే ఉన్నాయి. కాబట్టి విమాన టికెట్ల ధరలు వెతకడం కన్నా ముందు పంచాంగం చేతిలోకి తీసుకోవాలని నా సలహా.

తేదీలు నిర్ణయించుకోవడం

ఖ్మేర్ మాసం మన మాసంలాగే అమావాస్య మరునాడు మొదలై, శుక్ల పక్షం, ఆపై బహుళ పక్షం గడిచి అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదివారి లెక్కలో మాసం పౌర్ణమితో ముగుస్తుంది, చెన్నైలో మన ఇరుగుపొరుగు తమిళులు సౌరమాసాలను పాటిస్తారు. అందుచేత ఇంటి యజమానులు కొత్త సంవత్సరానికి ఇచ్చే తమిళ దినసరి క్యాలెండరు కన్నా, మాసం, పక్షం, తిథి మూడూ ఒకేచోట చూపే తెలుగు పంచాంగమే ఈ పనికి బాగా అక్కరకు వస్తుంది. వైశాఖ పౌర్ణమి నాడు బుద్ధుని స్మరించుకునే విశాఖ్ బోచియా, వైశాఖ బహుళ చవితి నాడు రాజ కుటుంబం తరఫున జరిగే నాగలి పండుగ, ఆషాఢ పౌర్ణమి మరునాడు భిక్షువులు వానకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాస ప్రారంభం, ఆశ్వయుజ పౌర్ణమికి దాని ముగింపు, భాద్రపద బహుళ పక్షం పొడవునా పితరుల పండుగ ప్చుం బెన్, కార్తీక పౌర్ణమికి నీటి పండుగ. వీటిని పంచాంగంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే, ఏ నెలలో వెళ్తే ఏమి కనబడుతుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అయితే ఈ పద్ధతికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. మనకు అధిక మాసం ఒకసారి జ్యేష్ఠంలోను, ఇంకోసారి శ్రావణంలోను, మరోసారి ఆశ్వయుజంలోను రావచ్చు, ఖ్మేర్ లెక్కలో మాత్రం అది ఎప్పుడూ ఆషాఢంలోనే వస్తుంది. కొన్ని సంవత్సరాలలో ఈ తేడా వలన రెండు క్యాలెండర్లు ఒక నెల దూరం జరుగుతాయి. 2020లో మనకు అధిక ఆశ్వయుజం రావడంతో కార్తీక పౌర్ణమి నవంబర్ 30కి జరిగింది, కంబోడియాలో నీటి పండుగ సెలవులు మాత్రం అక్టోబర్ చివరి రోజులకే నిర్ణయమయ్యాయి. అంతేకాక, ఖ్మేర్ మాసాలకు 29, 30 రోజుల చొప్పున ముందే కట్టిన లెక్క ఉన్నందున, మామూలు సంవత్సరాలలో కూడా తిథి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. అందువలన పంచాంగంతో నెలను, వారాన్ని గుర్తించి, కంబోడియా ప్రభుత్వం ముందుగా ప్రకటించే సెలవుల జాబితాతో సరిచూసుకున్న తరువాతనే టికెట్లు కొనాలి.

ఖ్మేర్ నూతన సంవత్సరం ఒక్కటి చంద్రుణ్ణి పట్టించుకోదు. సూర్యుడు మేషంలో ప్రవేశించే వేళను బట్టి అది ఏప్రిల్ 13న గాని 14న గాని మొదలై మూడు నాలుగు రోజులు సాగుతుంది. మన ఉగాది అప్పటికే గడిచిపోయి ఉంటుంది గనుక, దీనికి తమిళుల పుత్తాండునే గుర్తుగా పెట్టుకోవడం తేలిక.

ప్చుం బెన్: మహాలయ పక్షంలో వెళ్లదలచినవారికి

అన్ని కాలాలలోను ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను ఈ పక్షాన్నే ఎంచుతాను. మహాలయ అమావాస్య నాడు మైలాపూరు కపాలీశ్వరుని కోనేటి మెట్ల మీద, మెరీనా ఒడ్డున తర్పణాలు విడిచేవారి రద్దీ చూసినవారికి, ఖ్మేర్ గుడిలో జరిగేది పరాయిదిగా తోచదు. మొదటి పద్నాలుగు రోజులూ కుటుంబాలు, ఊళ్లు వంతులు వేసుకుని గుడికి వెళ్లి భిక్షువులకు భోజనం సమర్పిస్తాయి, పదిహేనవ రోజున అందరూ కలిసి వస్తారు. యముడు ఈ పదిహేను రోజులు ప్రేతాలను విడిచిపెడతాడనీ, అవి తమ వారిని వెతుక్కుంటూ ఏడు గుళ్లు తిరుగుతాయనీ, ఎక్కడా తమ పేరిట సమర్పణ కనబడకపోతే శపించి వెళ్తాయనీ అక్కడివారి నమ్మకం. ఒకే కుటుంబం వరుసగా పలు గుళ్లకు వెళ్లడానికి కారణం ఇదే.

అసలు చూడవలసినది తెల్లవారకముందు, సుమారు నాలుగు గంటలకు మొదలవుతుంది. జిగట బియ్యంతో వండిన అన్నానికి నువ్వులు, కొబ్బరి చేర్చి చేసిన చిన్న ముద్దలను పళ్లెంలో పేర్చి, పక్కన ఒక కొవ్వొత్తి, రెండు మూడు అగరువత్తులు పెట్టుకుని, జనం చెప్పులు విడిచి విహారం చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. తిరుగుతూ తిరుగుతూ ఆ ముద్దలను చీకటిలోకి, చెట్ల మొదళ్లలోకి, ప్రాకారపు మూలల్లోకి విసురుతారు. ప్రేతాల నోరు సూది బెజ్జమంత ఉంటుందనీ, అవి వెలుతురును భరించలేవనీ నమ్ముతారు గనుక ఈ పని సూర్యోదయానికి ముందే ముగియాలి. వానకాలం చివరి రోజులు కావడంతో నేల బురదగా ఉంటుంది, ఆ చీకటిలో వట్టి పాదాలతో నడవవలసి ఉంటుందని పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారు ముందుగానే గుర్తుంచుకోవాలి.

దీనిని చూడడానికి పేరున్న శిథిలాలకు వెళ్లనవసరం లేదు. బస చేసిన చోటికి దగ్గరలో ఉన్న మామూలు వాట్, అంటే బౌద్ధుల గుడి, చాలు. అంగ్కోర్ పక్కనున్న సియెం రీప్‌లో అయితే వాట్ బో, వాట్ డామ్నాక్ ఊరిలోనే ఉన్నాయి. ముందురోజు సాయంత్రం అక్కడికి వెళ్లి, తెల్ల చొక్కా వేసుకుని పూజా కార్యక్రమాలు నడిపించే ఆచార్‌ను, అంటే భిక్షువు కాని గృహస్థ పెద్దను, ఏ వేళకు రావాలో అడిగి తెలుసుకోవాలి. మరునాడు వరుసలో చివర నిలబడాలి, ఎవరైనా పళ్లెం చేతికిస్తే సంకోచించకుండా అందుకోవచ్చు. ఫ్లాష్ వెలిగించి ఫొటోలు తీయడం మాత్రం, వెలుతురుకు జడిసే పితరుల కోసం జరిగే క్రతువులో, చాలా మోటుగా ఉంటుంది.

పగలు, చనిపోయినవారి పేర్లు రాసిన కాగితాలను కుటుంబాలు భిక్షువులకు అందజేస్తాయి, భిక్షువులు వాటిని చదివి పుణ్యం ధారపోస్తారు. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం పాలనలో గుళ్లు మూతపడ్డాయి, భిక్షువుల కాషాయాలు విడిపించారు, ఆకలితోను, హత్యలతోను పోయినవారిలో ఎందరికో మరణించిన రోజు తెలియదు, దేహం దొరకలేదు. తిథి తెలియని వారికి మహాలయ అమావాస్య నాడు పెట్టుకునే ఆనవాయితీ మనకూ ఉన్నది గనుక, ఆ కాగితాల బరువు ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమవుతుంది. పక్కన కూర్చున్న ముసలమ్మను మీవారెవరు పోయారని అడగడం మర్యాద కాదు. ఆమె తానుగా చెబితే వినాలి.

ఇంట్లో పితృకార్యం చేయవలసిన బాధ్యత ఉన్నవారికి ఈ పక్షంలో ప్రయాణం కుదరదన్న అభ్యంతరం సహజమే. అటువంటివారు ఆఖరి రోజునే పట్టుకోనవసరం లేదు. తెల్లవారుజామున ముద్దలు విసిరే ఆచారం పక్షమంతా నడుస్తుంది గనుక, తొలి వారంలో వెళ్లి, అమావాస్యకు చెన్నై చేరుకోవచ్చు. పైగా ఆఖరి రోజు, దానికి ముందు రోజు, మరునాడు కలిపి మూడు రోజులు ప్రభుత్వ సెలవులు. నగరాలలోని జనం సొంత ఊళ్లకు తరలిపోవడంతో బస్సులు నిండిపోతాయి, దుకాణాలు, హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి. ఈ రోజుల్లో ఇంటింటా అరటి ఆకులో చుట్టి ఉడికించే నోమ్ అన్సామ్ అనే జిగట బియ్యపు పిండివంటలో మామూలుగా పంది మాంసం ఉంటుంది, అరటిపండు పెట్టి చేసినది వేరుగా దొరుకుతుంది. శాకాహారులు అడిగి తీసుకోవాలి.

నీటి పండుగ, మిగిలిన కాలాలు

పిల్లలతో వెళ్లేవారికి కార్తీక పౌర్ణమి అనువైనది. వానలు వెనుకబడి, ఎండ ఇంకా ముదరని రోజులవి. వానకాలంలో మెకాంగ్ నది పొంగి, ఆ నీరు తోన్లే సాప్ నదిని వెనక్కు నెట్టి ఎగువనున్న మహాసరస్సులోకి పారుతుంది. ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే ఆ సరస్సు అప్పుడు 10,000 చదరపు కిలోమీటర్లకు మించి విస్తరిస్తుంది. వరద తగ్గాక నది మళ్లీ సముద్రం వైపు తిరుగుతుంది. ఈ మలుపు వేళకే రాజధాని ఫ్నోమ్ పెన్‌లో రాజభవనం ఎదుటి నదిలో మూడు రోజుల పాటు పొడవాటి పడవల పందేలు జరుగుతాయి, రాత్రి దీపాలతో అలంకరించిన తెప్పలు నీటిపై సాగుతాయి. పౌర్ణమి చంద్రునికి నమస్కరించి అరటిపండ్లు, కొబ్బరి, అంబోక్ నివేదించి అందరూ పంచుకుంటారు. అంబోక్ అంటే కొత్త వడ్లను మట్టి కుండలో వేయించి, వేడి మీదనే రోట్లో దంచి, పొట్టు చెరిగిన అటుకులే. రోకలి పోటుకూ పోటుకూ మధ్య ఇంకొకరు చెయ్యి పెట్టి రోట్లోని గింజలను కలియదిప్పుతూ ఉంటారు, ఆ లయ చూడడానికే కాసేపు నిలబడవచ్చు.

ఈ పండుగకు రాజధానిలో జనసందోహం అసాధారణంగా ఉంటుంది. 2010 నవంబర్ 22 రాత్రి, పండుగ ఆఖరి రోజున, కోహ్ పిచ్ దీవి వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 340 మందికి పైగా మరణించారు. పందేలను పగటిపూట ఒడ్డున చూసి, దీపాల తెప్పలను నది కనిపించే మేడ మీద నుంచి గాని, రద్దీకి దూరంగా నిలబడి గాని చూడడం మేలు. వంతెనల మీదికి పిల్లలను తీసుకుపోకూడదు.

ఏప్రిల్ నూతన సంవత్సరంలో గుడి ప్రాంగణాలలో ఇసుకతో స్తూపాల్లాంటి గుట్టలు పోస్తారు, బుద్ధ విగ్రహాలకు, ఇంటి పెద్దలకు పరిమళ జలంతో స్నానం చేయిస్తారు. ఏటేటా భూమికి దిగివచ్చే దేవకన్య ఏడుగురు అక్కచెల్లెళ్లలో ఎవరన్నది పండుగ మొదలయ్యే వారాన్ని బట్టి నిర్ణయమవుతుంది. చూడముచ్చటైన పండుగే గాని, అది కంబోడియాలో ఎండలు మండే నెల. చెన్నై ఎండ నుంచి పారిపోదామనుకునేవారికి అక్కడ ఊరట దొరకదు. వైశాఖ బహుళ చవితి నాటి నాగలి పండుగ పొద్దున కొద్ది గంటలలో ముగుస్తుంది. పవిత్ర చాలు దున్నిన ఎడ్ల ముందు వడ్లు, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, నువ్వులు, గడ్డి, నీరు, మద్యం ఏడు పాత్రలలో ఉంచి, అవి దేనిని ముట్టుకుంటే దానిని బట్టి ఆ ఏటి పంటలను చెబుతారు. ఏరువాక తెలిసినవారికి ఇది నచ్చుతుంది, కానీ దీనికోసమే విమానమెక్కమని చెప్పలేను.

ఏ పండుగా కుదరకపోతే, రెండు అష్టములు, పౌర్ణమి, అమావాస్యలలో ఒక్కటైనా ప్రయాణంలో కలిసేలా చూసుకోవాలి. బౌద్ధులకు పవిత్రమైన ఆ రోజులను థ్ఙై సెల్ అంటారు. పొద్దున్నే తెల్ల చొక్కాలు వేసుకుని, అన్నపు గిన్నెల దొంతరలు చేత పట్టుకుని స్త్రీలు వాట్‌లకు వెళ్లడం, ఇళ్ల ముందు పండ్లు, పూలు, అగరువత్తులు పెట్టడం అప్పుడే కనబడుతుంది. అయితే అదే రోజున అంగ్కోర్ వాట్‌లోని పై అంతస్తు సందర్శకులకు మూసి ఉంటుంది గనుక, ఆ రోజును ఊరి వాట్‌లకు కేటాయించి, అంగ్కోర్‌కు మరో రోజు పెట్టుకోవాలి.

వాట్‌లో నడవడిక

భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు తప్పనిసరి. చీర, పంచె, సల్వార్ అన్నీ సరిపోతాయి, కానీ చేతులు లేని రవికె మీద పమిటనో, చున్నీనో కప్పుకుంటే చాలదని అంగ్కోర్ పై అంతస్తు దగ్గర కాపలావారు వెనక్కు పంపుతారు. విహారంలోకి చెప్పులు, టోపీ విడిచి వెళ్లాలి. లోపల పాదాలు విగ్రహం వైపు గాని, భిక్షువుల వైపు గాని చాపకుండా, రెండు కాళ్లనూ ఒక పక్కకు మడిచి కూర్చోవాలి. బాసిపట్టు వేసుకుని కూర్చునే మన అలవాటు అక్కడి గుడిలో అంత మర్యాదగా భావించరు. స్త్రీలు భిక్షువును తాకకూడదు, వస్తువును చేతికి చేయి తగిలేలా ఇవ్వకూడదు. పళ్లెంలో గాని, ఆయన పరచిన గుడ్డ మీద గాని ఉంచాలి. ఎంత ముద్దొచ్చినా పసిపిల్లల తల నిమరకూడదు.

నమస్కారంలోనూ అంతరాలున్నాయి. సమవయస్కులకు జోడించిన చేతులు రొమ్ము దగ్గర, పెద్దలకు నోటి దగ్గర, తల్లిదండ్రులకు, గురువులకు ముక్కు దగ్గర, భిక్షువులకు, రాజుకు కనుబొమల దగ్గర, దేవతామూర్తులకు నుదుటి దగ్గర ఉంచుతారు. పరాయివారు పొరపడితే ఎవరూ కోపగించుకోరు, అయినా ముందుగా తెలిసి చేస్తే ఎదుటివారి ముఖంలో కనిపించే తేడా స్పష్టమే. ఉదయం భిక్షకు వచ్చే భిక్షువులకు అన్నం గాని, డబ్బు గాని సమర్పించదలిస్తే చెప్పులు విడిచి, తల వంచి సమర్పించి, వారు మంత్రం చదివేంతసేపు చేతులు జోడించి ఉండాలి.

బయలుదేరే ముందు ఒక పూట ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాల గది చూసి వెళ్లడం వృథా కాదు. స్తూపం, చక్రం, బోధివృక్షం, నాగుడు వంటి గుర్తులకు కన్ను అలవాటు పడితే, ఖ్మేర్ గోడలను చదవడం సులువవుతుంది.

అంగ్కోర్‌ను చూసే క్రమం

ప్రవేశానికి 2017లో నిర్ణయించిన ధరలు ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 డాలర్లు. మూడు రోజుల టికెట్టును పది రోజుల వ్యవధిలో ఎప్పుడైనా వాడుకోవచ్చు గనుక, మధ్యలో ఒక రోజు వాట్‌లకు విడిచిపెట్టే మన ప్రణాళికకు అదే తగినది. 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, వయసు రుజువుకు పాస్‌పోర్టు చూపించాలి. ఆ వయసు పిల్లలను పై అంతస్తుకు ఎక్కనివ్వరు గనుక, తల్లిదండ్రులు వంతులవారీగా ఎక్కవలసి ఉంటుంది.

12వ శతాబ్దపు తొలి భాగంలో ఖ్మేర్ రాజు రెండవ సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన అంగ్కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది. పడమటి గోపురంలోనే కుడివైపు అష్టభుజ విష్ణువు నిలువెత్తు విగ్రహం ఉంది. స్థానికులు తా రీచ్ అని పిలుచుకుంటూ, పట్టు వస్త్రం కప్పి, అగరువత్తులు వెలిగించి నేటికీ మొక్కుతారు. పర్యాటకులు చాలామంది పక్కనుంచే సాగిపోతారు, మన కుటుంబాలు అక్కడ కాసేపు ఆగడం న్యాయం. లోపలి శిల్పాల వరండాకు చేరాక, మన అలవాటు ప్రకారం ప్రదక్షిణగా ఎడమకు తిరగకూడదు. అక్కడి కథలు అప్రదక్షిణంగా, గుడి మన ఎడమ చేతి వైపు ఉండేలా నడుస్తాయి. కుడికి తిరగగానే కురుక్షేత్రం ఎదురవుతుంది. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు కదం తొక్కుతూ వచ్చి నడుమ కలిసిపోతారు, అంపశయ్య మీద భీష్ముడు కనిపిస్తాడు. దక్షిణపు వరండాలో సూర్యవర్మ సైన్యం, తరువాత యముని కొలువు, స్వర్గ నరకాలు ఉన్నాయి.

తూర్పు వరండాకు తిరగగానే సుమారు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. 92 మంది అసురులు వాసుకి తల వైపు, 88 మంది దేవతలు తోక వైపు పట్టి లాగుతుండగా, నడుమ విష్ణువు, కింద కూర్మం, పైన అప్సరసలు ఉంటారు. చాలామంది ఇక్కడ నడుమనే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కొంచెం వంగి అడుగు భాగం చూడాలి. అంచుల్లో చేపలు, మొసళ్లు నిమ్మళంగా ఈదుతుంటాయి, కవ్వపు కొండకు దగ్గరయ్యే కొద్దీ సుడికి చిక్కి ముక్కలు ముక్కలుగా తెగి కనబడతాయి. దేవతల వరుస చివర తోక పట్టుకున్నది వానర రూపం. దీనికి ఉదయపు వెలుగు మంచిది, అంటే సూర్యోదయం చూసిన జనం ఫలహారానికి వెళ్లే వేళ.

రెండవ రోజు బాయోన్ ఆలయం, రాజు ఏడవ జయవర్మ తన తల్లి పేరిట 1186లో ప్రతిష్ఠించిన తా ప్రోమ్ చూడవచ్చు. తా ప్రోమ్ పునరుద్ధరణలో మన పురావస్తు శాఖ పాలుపంచుకుంటున్నది, అంతకుముందు 1986 నుంచి 1993 వరకు ఆ శాఖ అంగ్కోర్ వాట్‌లోనూ పనిచేసింది. సమయం తక్కువైతే బాయోన్‌ను కుదించి అయినా సరే, 967లో ప్రతిష్ఠ జరిగిన బాంతియే స్రెయ్‌కు ఒక పూట కేటాయించాలి. ఎర్రని ఇసుకరాతి మీద చెక్కపనిలా చెక్కిన ఆ చిన్న శివాలయంలో వాలి సుగ్రీవుల పోరు, కైలాసాన్ని ఎత్తుతున్న రావణుడు ఉన్నారు. ముఖ్య ఆలయాలకు దూరంగా ఉన్నందున ఆటోకు వేరుగా బేరం కుదుర్చుకోవాలి.

తిండి, డబ్బు, రాకపోకలు

ఉదయం వీధిలో కావడి దింపి కూర్చున్న స్త్రీలు అమ్మే నోమ్ బన్‌చోక్ అనే బియ్యపు సేమ్యా మీది పచ్చని పులుసు చేపతో చేసినది. కాయగూరల వంటకాలలో కూడా చేపల రసం, ఊరవేసిన చేపల ప్రాహోక్ సర్వసాధారణంగా పడతాయి. అక్కడి భిక్షువులు కూడా శాకాహారులు కారు గనుక, గుడి భోజనమైతే ఫరవాలేదనుకోవడం పొరపాటు. మాంసం, చేప, చేపల రసం, గుడ్డు వద్దని ఖ్మేర్ లిపిలో బస చేసిన చోట ఒక చీటీ రాయించుకుని ప్రతి పూటా చూపించడమే నమ్మకమైన మార్గం.

డాలర్లు ఎక్కడైనా చెల్లుతాయి, చిల్లర రియెల్‌లలో ఇస్తారు, డాలరుకు సుమారు 4,000 రియెల్‌లు. అంచు కొంచెం చిరిగిన డాలరు నోటును కూడా తీసుకోరు, చెన్నైలో డబ్బు మార్చుకునేటప్పుడే ఒక్కొక్క నోటూ తిప్పి చూసుకోవాలి. గుడి హుండీలకు, అరటి దొప్పల్లోని పూలకు చిన్న రియెల్ నోట్లు విడిగా ఉంచుకోవాలి. ఈ-వీసా ఇంటి నుంచే తీసుకోవచ్చు, పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన సియెం రీప్ కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. బ్యాంకాక్ మీదుగానో, సింగపూర్ మీదుగానో, కౌలాలంపూర్ మీదుగానో రాత్రివేళ దిగేవారు, ముఖ్యంగా పండుగ సెలవుల్లో, బండిని చెన్నైలో ఉండగానే కుదుర్చుకోవాలి.